కావలివానికి డాక్టరు పట్టమేల?

వనపర్తి రాజప్రాసాదమునకు, అనగా సంస్థానములు గతించిన పిదప పాలిటెక్నిక్ కళాశాలగా మారి, పల్లెలనుండి వచ్చిన పేదబిడ్డల కెందరికో చేతిపని నేర్పిన ఆ కట్టడమునకు, కూతవేటు దూరములో మా వీథి యున్నది. మా యెదురింట కాపురమున్న పెద్దమనుష్యుడు అగ్నిమాపకశాఖలో ఫైర్‌మన్‌గా చేరి, 34 ఏండ్లు కొలువు చేసి, స్టేషన్ ఆఫీసరుగా విరమించినవాడు. ఆయన ఎడమ ముంజేతిమీద మోచేయి మొదలు మణికట్టువరకు కాలినమచ్చ యొకటి గలదు. దానినిగూర్చి ఆయన తనంతట తానెన్నడును చెప్పలేదు, మేమును అడుగలేదు.

మొన్నటి సంక్రాంతికి ఆయన మేనల్లుడు హైదరాబాదునుండి వచ్చెను. ఈ కుఱ్ఱవాడు (నలుబదికి చేరువైనను మాకు కుఱ్ఱవాడే) ఆ ప్రాసాదములోనే డిప్లొమా చదివి, పిదప ఇంజనీరింగు ముగించి, ఇప్పుడు నగరములో నొక పెద్ద కార్యాలయ సముదాయమునకు భద్రతాధికారిగా నున్నాడు. అమెరికాలోని యొక విశ్వవిద్యాలయమువారు ఆన్‌లైనులో నడపు డాక్టరు పట్టమునకు దరఖాస్తు పెట్టితినని అతడు భోజనమువేళ చెప్పగా, మామ విస్తరిముందు ఏమియు ననలేదు. సాయంకాలము అరుగుమీద వేయించిన పల్లికాయ గంపలో పోసికొని కూర్చున్న పిమ్మట మాత్రము అడుగ మొదలిడెను. నేను మూడవవాడనై దీపములు పెట్టి చాలసేపైన దనుకను వింటిని. వారు మాటలాడినది మన పాలమూరి యింటిభాష. వ్రాతకు తగునట్లు మాటలను సవరించితినే గాని, వాదమును సవరింపలేదు.

మామ: ఆ చదువు పేరేమంటివి? మఱియొకసారి చెప్పుము. ఇన్నేండ్లు మంటలతో పెనుగులాడిన వాడను, నాకు తెలియని రక్షణవిద్య యేదో తెలిసికొందును.

అల్లుడు: పేరు పెద్దదే, మామా. హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ, దానితోపాటు రక్షణసేవలు. 2001 సెప్టెంబరు 11వ తేదీన న్యూయార్కు సౌధములు కూలిన పిదప, తమ దేశములో తీరమును కాచువాడొకడు, విమానాశ్రయమును కాచువాడొకడు, వరదలో ఆదుకొనువాడు వేఱొకడుగా నుండి, ఒకని కెఱిగిన సంగతి మఱియొకని కెఱుకపడక పోయెనని అమెరికావారు గ్రహించిరి. 2002లో చట్టము చేసి, 22 సంస్థలను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చి, 2003లో క్రొత్త శాఖను నడపసాగిరి. శాఖ పుట్టగానే దానికొక చదువు పుట్టెను. అచ్చటి విద్యావిషయముల వర్గీకరణములో స్వదేశభద్రత, శాంతిభద్రతలు, అగ్నిమాపనము, తత్సంబంధ రక్షణసేవలు అన్నియు ఒకే శీర్షిక క్రింద నున్నవి. మీరు పట్టిన నీళ్ల గొట్టమును నేను కట్టుకొన్న కావలి డ్రస్సును ఆ శీర్షికలో ఇరుగుపొరుగులే.

మామ: మంచిది. పేరు అర్థమైనది. ఇక నాకు తోచునది చెప్పెదను, నొచ్చుకొనవద్దు. కాపాడుట యనునది చేతివిద్య. ఈతవలె నది నీళ్లలో దిగి నేర్చుకొనవలసినది. మన వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో 1869లో పుట్టిన వెంకటరామారెడ్డిగారు అమీనుగా, చిన్న కొలువులో, పోలీసుశాఖ గడప త్రొక్కిరి. 1920లో హైదరాబాదు నగరమునకు కొత్వాలై, సుమారు 14 ఏండ్లు, ఎన్నో మతముల వారు, ఎన్నో భాషల వారు నివసించు ఆ నగరమును కాచిరి. హిమాయత్‌సాగరు చెంతనున్న పోలీసు అకాడమీకి నేడాయన పేరే పెట్టియున్నారు. డాక్టర్లగు అధికారులు సహితము ఆ పేరు వ్రాసిన ద్వారము క్రిందుగా లోనికి పోవుచున్నారు గదా! ఆయన ఏ విశ్వవిద్యాలయములో ఏ పట్టము పుచ్చుకొనిరి?

అల్లుడు: ఆయన పేరు మీరెత్తుట నాకు సంతోషము, ఎందుకన ఆయనయే నా సాక్షి. తాను పెద్ద చదువులు చదువని ఆ కొత్వాలు 1918లో రెడ్డి వసతిగృహమును నెలకొల్పుట కేల పూనుకొనెను? మన పల్లెల పిల్లలు నగరమునకు వచ్చి తలదాచుకొని చదువవలెననియే గదా! చదువులేకయే పని సాగునని ఆయన నమ్మియున్నచో, ఆ ధనమును, ఆ శ్రమను దానిపై వెచ్చించునా? మఱియొక మాట. ఆయన ఎట్లు పనిచేసెనో, ఏ కలహమును ఏ యుపాయముతో చల్లార్చెనో మన కెట్లు తెలిసెను? ఆ వసతిగృహపు పనులలో ఆయనకు కుడిభుజమై మెలగిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆయన జీవితచరిత్రమును వ్రాసిరి గనుక తెలిసెను. అనుభవము ఒక్కటే చాలునన్నచో, అది ఆయనతోపాటు 1953లో మట్టిలో కలిసిపోవలసినదే. చెంత కలమున్నవాడొకడు కూర్చుండెను గనుక నిలిచినది. మన కానిస్టేబుళ్ల చెంత, మీ ఫైర్‌మన్ల చెంత ఎవడు కూర్చుండెను?

(ఇచ్చట నొక మాట. ప్రతాపరెడ్డిగారు గద్వాలసీమలోని ఇటిక్యాలపాడు స్వగ్రామముగా గలవారు, 1952లో మా వనపర్తినుండియే శాసనసభకు ఎన్నికైనవారు. ఆయన పేరు చెవిని బడగానే మా యరుగుమీద ఏ వాదమైనను గడియసేపు ఆగును. ఆ దినమును ఆగెను. మామ గంపలోని పల్లికాయను ఒకటొకటిగా నలిపి, పొట్టు నూది, పప్పును అల్లుని చేతిలో బెట్టుచు మెల్లగా మరల నందుకొనెను.)

మామ: సురవరమువారు కొత్వాలుగారి చెంత కూర్చుండిరని నీవే యంటివి. అదే నా మాటయు. వారు సముద్రమున కావల కూర్చుండి తెరమీద చూచి వ్రాయలేదు. ఒకే ఊరి గాలి పీల్చి, ఆయన కోపమును ఓర్పును కన్నులార చూచి వ్రాసిరి. నీ గురువు ఎచ్చట కూర్చుండును?

అల్లుడు: అమెరికాలో. వారమున కొకసారి పాఠము, దానిమీద వ్రాతపని, తోటివారితో చర్చ. తోటివారిలో అగ్నిమాపకాధికారులు, తీరరక్షకులు, ఆసుపత్రుల భద్రత చూచువారు ఉందురు. పాఠ్యభాగము ముగిసిన పిదప సమగ్రపరీక్ష. అది దాటినవారికి ఒక పర్యవేక్షకుడు, ఆయనతో కూడిన సంఘము. వారు పరిశోధనాంశము నొప్పుకొనవలెను. మనుష్యులను ప్రశ్నించి చేయు పరిశోధనమైనచో, వారికి హాని కలుగదని మఱియొక నైతికసమితి సమ్మతింపవలెను. ఆ పైన సిద్ధాంతగ్రంథము, దాని సమర్థనము. అచ్చటి సాయంకాలము మనకు తెల్లవారుజాము గనుక, నిద్రలేచి ఒక గంట చదువుకొని కొలువునకు పోవచ్చును.

మామ: ఖర్చు?

అల్లుడు: మన రూపాయలలో లక్షలే.

మామ: లక్షలే! ఎన్ని యని నేనడుగను. నీ యిల్లాలు అడుగును. కాని యిది చెప్పుము. ఆ పట్టము తెచ్చుకొన్న పిదప మన దేశములో నిన్ను డాక్టరని ఒప్పుకొందురా? ఆన్‌లైనులోను దూరవిద్యలోను పీహెచ్‌డీ ఇయ్యరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి నియమము. విదేశీసంస్థలతో పొత్తు కలిపి కొన్ని కంపెనీలవారు ఇచ్చు ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదు, ప్రకటనలు చూచి మోసపోవద్దని 2022 అక్టోబరులో బహిరంగముగా హెచ్చరించిరి. మా పాత స్టేషనులోని కుఱ్ఱవాడొకడు ఇట్టి ప్రకటననే నమ్మి, నా సలహా నడుగ వచ్చినప్పుడు ఆ కాగితమును నేనే చదివితిని.

అల్లుడు: నిజమే, ఆ నియమము నెఱుగుదును. అధ్యాపకపదవికై పోవువానికి ఆ పట్టము ఇచ్చట కొఱగాదు. నేను కళాశాలలో కొలువు కోరుటలేదు.

మామ: కోరనిచో మఱి పట్టమెందుకు? చదువు కావలెనన్నచో పుస్తకములు కొనుక్కొని చదువుము. పట్టమే కావలెనన్నచో చెల్లుబాటగు పట్టము తెచ్చుకొనుము. ఉద్యోగము చేసికొనుచునే, యజమాని నిరాక్షేపపత్రముతో, పార్ట్‌టైము పీహెచ్‌డీ చేయవచ్చునని ఆ సంఘమువారి 2022 నియమములలోనే యున్నది. గుజరాతులో రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయమును 2020లో పార్లమెంటు చట్టము చేసి నిలిపినది గదా. పోలీసుశాస్త్రము, అంతర్గతభద్రత అచ్చట ముఖ్యవిషయములు. హైదరాబాదులోనే జాతీయ పోలీసు అకాడమీ యున్నది, హకీంపేటలో పారిశ్రామిక భద్రతాదళమువారి అకాడమీ యున్నది, ఉస్మానియా యున్నది. ఇంతమంది నీ యింటిముంగిట నుండగా నీవు సప్తసముద్రములు దాటి గురువును వెదకుకొనుటేల?

అల్లుడు: రాత్రిబస్సులలో రేగు మంటలనుగూర్చిన నా ప్రశ్నకు తగిన గురువు దొరకలేదు, మామా. బస్సు నిర్మాణము నెఱిగినవాడు మెకానికల్ శాఖలో, చట్టము నెఱిగినవాడు న్యాయశాఖలో, మనుష్యుల భయము నెఱిగినవాడు మనస్తత్వశాఖలో నుందురు. ఈ మూడింటిని కలిపి చూచువాడు...

మామ: దొరకలేదందువా, వెదకలేదందువా? ఎంతమందికి ఉత్తరము వ్రాసితివి?

అల్లుడు: ఇద్దరికి.

మామ: ఇద్దరికి!

అతడు తల వంచుకొనెను. నేను నిష్పక్షపాతముగా చెప్పవలసినచో, ఈ ఘట్టమున గెలుపు మామదే. దూరపు గురువు సులభముగా దొరకును. రుసుము చెల్లించినవాని నాతడు తిప్పిపంపడు. దగ్గఱి గురువు గుమ్మమున నిలబెట్టును, రేపు రమ్మనును, నీ ప్రశ్న బాగులేదనును. ఆ నిరాదరణమునకు జంకి ఎందఱో బుద్ధిమంతులు తెరను శరణు జొచ్చుచున్నారు. వారిని నేను నిందింపను. రాత్రి కొలువు చేసి ముసలితల్లిని చూచుకొను వాని బ్రతుకు నాకు తెలియనిది కాదు. అయినను ఇద్దరికి వ్రాసి ఊరకుండుట వెదకుట యనిపించుకొనదు.

అల్లుడు తేరుకొని చెప్పిన మాటలు మాత్రము నన్ను కదల్చినవి.

అల్లుడు: వెదకుటలో నాది తప్పే. కాని నేనేల ఈ చదువునకు తొందరపడుచున్నానో వినుడు. 2013 అక్టోబరు 30వ తేదీన బెంగుళూరునుండి హైదరాబాదునకు వచ్చుచున్న బస్సు మన కొత్తకోట దగ్గఱి పాలెమువద్ద కల్వర్టు గోడకు తగిలి తగులబడెను. 45 మంది నిద్రలోనే కాలిపోయిరి. ఆ దినము నేను ఊరికి వచ్చుచు, బూడిదరంగు పట్టిన ఆ బస్సు అస్థిపంజరమును రోడ్డుప్రక్కన చూచితిని. పండ్రెండేండ్లు గడచినవి. 2025 అక్టోబరు 24వ తేదీన అదే 44వ జాతీయరహదారిమీద, కర్నూలు దగ్గఱి చిన్నటేకూరులో, రాత్రిబస్సు మరల తగులబడెను. అదే మాసము, అదే త్రోవ, అదే నిద్ర. ఈ పండ్రెండేండ్లలో మనమేమి నేర్చుకొంటిమి? విచారణలు జరిగినవి, పరిహారములు ప్రకటించిరి, బస్సు బాడీకి ప్రమాణములును ఉన్నవి. ఐనను ఆ రెండు బస్సులను ప్రక్కప్రక్కన బెట్టి, తప్పించుకొన్నవాడు ఎట్లు తప్పించుకొనెను, చిక్కుకొన్నవాడు ఎచ్చట చిక్కుకొనెనని ఒక మనుష్యుడు కూర్చుండి అయిదేండ్లు ఆలోచించి వ్రాసిన గ్రంథమును నేను చూడలేదు.

మామ: నేనును చూడలేదు.

అల్లుడు: బస్సు సంగతి యట్లుండనిండు. మన నాగర్‌కర్నూలు జిల్లాలోని శ్రీశైలము ఎడమగట్టు నేలమాళిగ విద్యుత్కేంద్రములో 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి మంటలు లేచి, పొగలో 9 మంది ఉద్యోగులు ప్రాణములు విడిచిరి. 2025 ఫిబ్రవరి 22వ తేదీన దోమలపెంటవద్ద ఎస్‌ఎల్‌బీసీ సొరంగము కప్పు కూలి 8 మంది లోపల చిక్కుకొనిరి. సైన్యము వచ్చెను, జాతీయ విపత్తుదళము వచ్చెను, సింగరేణి గనులవారు వచ్చిరి, ఎలుకబొరియల పద్ధతిని త్రవ్వువారిని రప్పించిరి, కేరళనుండి కుక్కలను తెచ్చిరి. నెలదాటిన ఆ యన్వేషణలో ఇద్దరి దేహములు మాత్రమే వెలికివచ్చినవి. అందఱును ప్రాణములొడ్డి శ్రమించినవారే, వారి ధైర్యమునకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. కాని ఒకరి పద్ధతి మఱియొకరికి క్రొత్త, ఒకరి మాట మఱియొకరికి క్రొత్త. ఇంతమందిని ఒకచో కూర్చి, మొదటిగంటలో ఎవరేమి చేయవలెనో నిర్ణయించు విద్యయే నేను చదువబోవునది. మీరు చెప్పు చేతివిద్య ఒక్కొక్కని చేతిలో నిండుగా నున్నది. ఈ చేతిని ఆ చేతితో కలుపు విద్య లేక మనుష్యులు పోవుచున్నారు.

చాలసేపు ఎవరును మాటలాడలేదు. వీథిలో నెవరో గాలిపటపు దారమును చుట్టుకొనుచు పోయిరి. మామ తన ముంజేతిమీది మచ్చను బొటనవ్రేలితో రాచుకొనుచు, అల్లునివైపు చూడకయే, ఇట్లు చెప్పెను.

మామ: బస్సు అద్దమును ఎచ్చట కొట్టవలెనో నీకు తెలియునా?

అల్లుడు: సుత్తితో... నడుమ కొట్టవలెనేమో.

మామ: అందఱును నడుమనే కొట్టుదురు. ప్రక్క కిటికీలకుండు గట్టిపఱచిన అద్దమును నడుమ పిడికిలితో గుద్దిన, కాలితో తన్నిన, అది సాగినట్లై దెబ్బను మ్రింగివేయును. మూలను, అంచునకు దగ్గఱగా, మొనగల వస్తువుతో కొట్టవలెను. అప్పుడు జొన్నలు రాలినట్లు ఒక్కపెట్టున రాలిపోవును. ముందరి పెద్దయద్దము వేఱు. అది రెండుపొరల నడుమ జిగురుపొర బెట్టి చేసినది, పగిలినను రాలదు. దానితో పెనుగులాడినవాడు కాలము పోగొట్టుకొనును. ఇంకొకటి. మంట చంపుటకు ముందే పొగ చంపును. పొగ మీద చేరును గనుక పై బెర్తువానికి ముందుగా ఊపిరాడదు. వాడు దిగబోయిన క్రిందివాని తల తగులును, తెర కాలికి చుట్టుకొనును, సామానుసంచి త్రోవకు అడ్డుపడును. నిద్రలేచినవాడు అలవాటుచొప్పున తాను ఎక్కిన తలుపువైపే పరుగెత్తును. వెనుక నొక అత్యవసరద్వారమున్నదని వానికెవరు చెప్పిరి? విమానములో బయలుదేరుటకు ముందు చెప్పుదురట గదా. బస్సులో టిక్కెట్టు చూచువాడు ఆ నాలుగుమాటలు ఏల చెప్పడు?

అల్లుడు: మామా! ఇది ఏ పుస్తకములో నున్నది?

మామ: ఏ పుస్తకములోనో ఉండియే యుండును. నాకు చేతితో తెలిసినది.

అల్లుడు: మీ చేతిలోనిది మీ స్టేషనులో ఎవరికి చేరినది? మీరు విరమించిననాడు శాలువ కప్పిరి, పూలదండ వేసిరి, ఫోటో తీసిరి. మూల కొట్టవలెనను మాటను ఎవరైన వ్రాసికొనిరా? 34 ఏండ్ల విద్య ఆ సాయంకాలము దండతోపాటు ఇంటికి వచ్చి ఈ యరుగుమీద పల్లికాయ వొలుచుకొనుచున్నది. నేను డాక్టరు ననిపించుకొనుటకై మాత్రమే ఈ పట్టము కోరుచున్నానని మీరనుకొనవద్దు. పట్టము లేనివాని ప్రశ్నకు ఆఫీసులో తలుపు తెరువరు. కావలివాడు అడిగిన నీకెందుకందురు. పరిశోధకుడు అడిగిన దస్త్రము చూపుదురు.

మామ: దస్త్రము అమెరికా ముద్ర చూచి తెరచుకొనునా? సందేహమే. మన విశ్వవిద్యాలయపు ఉత్తరమున్న కొంత తెరచుకొనును. అది యట్లుంచుము. నాకు ఇంకను భయముగా నున్నది, బిడ్డా. ఏమి భయమందువా, ఆ తెరమీది గురువు తన దేశపు కొలతబద్దతో మనలను కొలువ నేర్పును. వారికి స్వదేశభద్రత యనగా ముందు ఉగ్రవాది తోచును. మన నల్లమలకును ఆ భయము క్రొత్తది కాదు. 1993లో సోమశిల త్రోవలో మందుపాతర పేలి జిల్లా ఎస్పీ పరదేశినాయుడుగారు పోయిన దినము నాకు గుర్తున్నది. కాని పాలమూరి మనుష్యుని ఎక్కువగా చంపునది రహదారి, విద్యుత్తు, బావి, పిడుగు, కృష్ణాతుంగభద్రల వరద. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని, ఆలంపురమును ముంచినప్పుడు, పడవ యున్న జాలరివాడు పోలీసుకంటె ముందుగా మనుష్యులను మేడలమీదినుండి దింపెను. వాని విద్య నీ పాఠ్యక్రమములో ఏ వారమున వచ్చును?

అల్లుడు: ఏ వారమునను రాదు. నేనే తీసికొనిపోవలెను. విద్య దూరమునుండి తెచ్చుకొన్నంత మాత్రమున పరాయిది కాదు, మామా. మన వనపర్తి రాజు రామేశ్వరరావు పందొమ్మిదవ శతాబ్దిలో ఆఫ్రికా సంతతి సిద్దీలను రప్పించి తన రక్షకదళమును కూర్చుకొనెను. ఆయన పోయిన పిదప ఆ దళము నిజాము కొలువునకు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయ్యెను. నేడు హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనుచోటు వారి పేరే. సముద్రమునకు ఆవలనుండి రక్షకులనే తెచ్చుకొన్న ఊరు మనది. నేను రక్షణవిద్యను తెచ్చుకొనరాదా?

మామ: తెచ్చుకొనుము. కాని ఆ సిద్దీలు ఇచ్చటికి వచ్చి ఈ మట్టిమీద నిలిచి కవాతు చేసిరి, ఈ నీరు త్రాగిరి, మన మాట నేర్చిరి, ఇచ్చటనే పిల్లల కనిరి. నీ విద్యయు అట్లు దిగి రావలెను. అది వచ్చునో రాదో తెలిసికొనుట కొక్క పరీక్ష. నీవు పరిశోధింపబోవు ప్రశ్నను తెలుగులో, ఒక్క వాక్యములో, మీ అత్త కర్థమగునట్లు వ్రాయుము.

అల్లుడు జేబులోనుండి కలము తీసి, నావద్ద నొక కాగితము పుచ్చుకొని, దీపమునకు దగ్గఱగా జరిగెను. మొదట వ్రాసినది చదివెను: "భారతీయ రహదారి రవాణా వ్యవస్థయందు విపత్సంసిద్ధత: ఒక సమగ్ర పరిశీలనము."

మామ: ఇందులో బస్సేది? మనిషేడి? దీనిని ఎవడైనను ఎచ్చట కూర్చుండియైనను వ్రాయవచ్చును. కొట్టివేయుము.

అతడు కొట్టివేసి మరల వ్రాసెను: "స్లీపరు బస్సులలో అగ్నిప్రమాదములు సంభవించుటకు కారణము లేవి?"

మామ: కారణములు విచారణ చేసినవారు చెప్పిరి గదా. డీజిలు ట్యాంకు, గోడ, వేగము. తెలిసినదానికి అయిదేండ్లు వెచ్చింతువా? తెలియని దానిని అడుగుము.

మూడవమారు అతనికి చాలసేపు పట్టెను. వ్రాయుచు, ఆపుచు, ఒక మాటను దిద్దుచు, తల యెత్తి ఎదుటిగోడను చూచుచు నుండెను. లోపలనుండి అత్తగారు వచ్చి, అన్నము చల్లారుచున్నదని చెప్పి, మా ముగ్గురి మౌనము చూచి గుమ్మమున నిలిచిపోయిరి. తుద కతడు చదివెను: "బెర్తుమీద నిద్రించుచున్న మనిషికి మంట తెలిసిన క్షణము మొదలు, నేలమీద కాలు పెట్టువరకు, ఏమేమి అడ్డుపడును? వానిలో డబ్బు ఖర్చులేకయే తొలగింపదగినవి యెన్ని?"

అత్తగారు "అయ్యో" అనిరి. పాలెము బస్సు గుర్తునకు వచ్చెనని తరువాత చెప్పిరి.

మామ ఆ కాగితమును పుచ్చుకొని, కండ్లద్దములు సవరించుకొని, పెదవులు కదలించుచు రెండుమారులు చదివెను. పిదప అల్లుని చేతిలోని కలమును తీసికొని, "నిద్రించుచున్న" అను మాటకు పక్కన, తన పెద్దపెద్ద యక్షరములతో, "చీకటిలో" అని చేర్చెను.

మామ: లోపలి దీపములు మొదటనే ఆరిపోవును. వాడు కండ్లతో వెదకడు, చేతులతో వెదకును. నీ అద్దపుసుత్తి ఎఱ్ఱగానున్న నేమి, పచ్చగానున్న నేమి, చీకటిలో చేతికి తగులుచోట నుండవలెను.

అల్లుడు: ఇది నేనెన్నడు నెంచలేదు.

మామ: ఎట్లెంచుదువు? పగటివేళ ఆఫీసులో కూర్చుండి యోచించితివి. చూడుము, ఆ ఆన్‌లైన్ గురువువిషయమై నా మాట మార్చుకొనను. ముందు ఇచ్చట ఇంకొక పదిమందికి ఉత్తరములు వ్రాయుము. వారందఱును కాదన్న దినమున, లక్షలు పోసియైనను ఆ తెరముందు కూర్చుండుము. అప్పుడు నేను వద్దనను. గురువెవరైనను, నీ సంఘములో కూర్చుండు పెద్దలకు ఈ ప్రశ్నను ఇట్లే, ఈ మాటలలోనే చూపుము. దీనిని వారి సొగసుభాషలోనికి మార్చి మొదటి కాగితము చేసితివా, ఇక నావద్దకు రావద్దు.

అల్లుడు: మీ పాత పుస్తకము లున్నవా, మామా? ఏ కాల్ ఎన్ని గంటలకు వచ్చెను, ఎంతసేపటికి చేరితిరి, అవి వ్రాసుకొనుచుండెడివారు గదా.

మామ: అటకమీద ట్రంకుపెట్టెలో నున్నవి. సర్కారువి కావు, నా స్వంత డైరీలు. చెదలు తినక మిగిలినవి తీసికొనుము. పేరులున్నచోట పేరులు వ్రాయకుము; చచ్చినవారి పిల్లలు బ్రదికియున్నారు.

ఆయన లేచి, ఒడిలోని పల్లికాయ పొట్టును వాకిటిలో దులిపి, గడియారము చూచుకొనెను. అల్లుడు కాగితమును మడచి జేబులో బెట్టుకొనుచుండగా గుమ్మముదగ్గఱ ఆగి వెనుకకు తిరిగెను.

మామ: రేపు నాలుగున్నరకు లేవవలెను. పాలెము కల్వర్టువద్దకు ఐదింటికి చేరుదము. ఆ బస్సు వచ్చిన వేళ అదే. చలికాలపు తెల్లవాఱుఝామున ఆ చోట ఎంత చీకటిగా నుండునో ముందు చూడుము.